ప్రయాణ బీమా తీసుకోవడం, క్లెయిం చేయడం ఎలా? ఎక్కడెక్కడ దెబ్బతింటాం?

అమెరికాలో ఉన్న కూతురి పురిటికి బయలుదేరిన మా పిన్నికి ప్రయాణ బీమా తీసుకున్న రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి దగ్గర ఒక ట్రావెల్స్ దుకాణంలో, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే "ఒంట్లో ఏటైనా జబ్బుందా అమ్మా?" అని అడిగాడు. "ఏటీ లేదు బాబూ, పొద్దున్నే ఒక బీపీ బిళ్ళ ఏసుకుంటాను, అంతే" అంది పిన్ని. కుర్రాడు "లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి, ప్రీమియం ఎంతో చెప్పాడు. నేనూ నోరు మెదపలేదు. రెండు నెలల తరువాత అక్కడ ఆమె కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. బిల్లులు పంపితే, "కొన్నేళ్ళుగా రక్తపోటుకు మందు వాడుతున్నారు" అని అక్కడి డాక్టరు రాసిన ఒక్క వాక్యాన్ని చూపించి బీమా కంపెనీ క్లెయిం తిరస్కరించింది. నిజానికి ఆ క్లెయిం డే అండ్ నైట్ కూడలిలోనే, ఆ టిక్కు పడినప్పుడే పోయింది.

అందువల్ల ఈ వ్యాసంలో కొనే దశకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదటి అడుగు: ఏ ప్రయాణానికి ఏ బీమానో తేల్చుకోండి

మన జిల్లాల నుంచి బయలుదేరేవారు ప్రధానంగా మూడు రకాలు: పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళే తల్లిదండ్రులు, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళే కార్మికులు, కాశీకో చెన్నైకో రైలెక్కేవారు. ఈ ముగ్గురికీ పనికొచ్చే ఒకే పాలసీ లేదు.

యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అది ఆ దేశాలన్నింటిలోనూ, అక్కడ ఉండే రోజులన్నింటికీ చెల్లాలి. అమెరికా సందర్శక వీసాకు అటువంటి షరతు లేదు. అడిగేవారు లేరు కాబట్టి చాలామంది అన్నింటికన్నా చవకైన పాలసీని ఎంచుకుంటారు, వైద్యం అత్యంత ఖరీదైన దేశానికి వెళ్తూ కూడా. చవక పాలసీ మొదటి పేజీలో 50,000 డాలర్లని పెద్ద అక్షరాలతో ఉండవచ్చు. లోపలి పేజీల్లో మాత్రం అరవై దాటినవారికి రోజుకు గది అద్దె ఇంతవరకే, శస్త్రచికిత్సకు ఇంతవరకే అని విడివిడిగా పరిమితులు ఉంటాయి. వీటినే సబ్ లిమిట్లు అంటారు. చేతికి వచ్చే మొత్తాన్ని నిర్ణయించేవి ఇవే కాబట్టి, ముందుగా చూడవలసింది వీటినే. వీటితోపాటు, ప్రతి క్లెయింలోనూ మన జేబు నుంచి మొదట పెట్టుకోవలసిన డిడక్టిబుల్ ఎంతో చూడండి. అది 100 డాలర్లయితే 90 డాలర్ల బిల్లుకు ఏమీ రాదు.

గల్ఫ్‌కు పనికి వెళ్ళేవారి సంగతి వేరు. పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి విదేశం వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే) ముద్ర ఉండి, ఆ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన 18 దేశాల్లో దేనికైనా ఉద్యోగ వీసాపై వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. ప్రీమియం పన్నులు కాక రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ఇది ప్రమాద బీమా కాబట్టి సహజ మరణానికి ఆ 10 లక్షలు రావు. "ముందు విజిట్ వీసా మీద వెళ్ళిపో, అక్కడికెళ్ళాక మార్పించేస్తాం" అనే ఏజెంటు మాట విని వెళ్ళినవారికి ఈ రక్షణ ఉండదు. సాధారణ ప్రయాణ పాలసీ చూపించి పనిచోట జరిగిన ప్రమాదానికి క్లెయిం పెడితే, ఆ పాలసీ పర్యాటకుడి కోసం ఇచ్చినదని కొట్టివేసే అవకాశమే ఎక్కువ. ఆ ఏజెంటు చేసే అన్యాయాల్లో పైకి కనిపించనిది ఇదే.

రైలు ప్రయాణికులకు ఐఆర్‌సీటీసీలో టికెట్ తీసుకునేటప్పుడు మనిషికి 45 పైసలకు బీమా ఇస్తారు. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు. టిక్కు పెట్టి వదిలేయకండి. తరువాత ఫోనుకు, మెయిల్‌కు బీమా కంపెనీ పంపే లింకులో నామినీ పేరు నింపాలి. నింపకపోతే ఇంట్లోవాళ్ళు వారసత్వ పత్రాల కోసం తిరగవలసి వస్తుంది. సాధారణ టికెట్‌కు ఈ బీమా ఉండదు. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ మధ్య ఢీకొన్నవి రాయగడ, పలాస ప్యాసింజర్లు; అటువంటి రైళ్ళలో సాధారణ టికెట్‌తో ఎక్కేవారికి దారి రైల్వే చట్టం కింద ఇచ్చే పరిహారమే. మరణానికి అది 8 లక్షలు, దాన్ని కోరవలసింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో.

రెండో అడుగు: ప్రపోజల్ ఫారం మీరే నింపండి

బీమా కోసం పెట్టుకునే ఈ దరఖాస్తును వేరెవరైనా నింపితే, డబ్బు కట్టకముందే ప్రతి గడినీ చదివించుకోండి. నింపింది ఎవరైనా, బీమా కంపెనీ లెక్కలో ఆ సమాధానాలు మీవే. బీపీ, షుగరు, థైరాయిడ్, ఎప్పుడో వేసిన స్టెంటు, చేయించుకున్న కంటి ఆపరేషన్ అన్నీ రాయండి. మన ఊళ్ళలో రోజూ వేసుకునే బిళ్ళను జబ్బుగా లెక్కపెట్టరు. మందుతో అదుపులో ఉన్నది జబ్బు కాదనే అనుకుంటారు. బీమా భాషలో అది ముందునుంచి ఉన్న వ్యాధి.

ఉద్దానం ప్రాంతంవారికి ఇది మరింత ముఖ్యం. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న చోట, ఏదో శిబిరంలో తీసిన రక్త పరీక్షలో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎక్కువ వచ్చిందని తెలిసినవారు చాలామంది ఉంటారు. చికిత్స మొదలుపెట్టకపోయినా ఆ రిపోర్టు సంగతి ఫారంలో రాయాలి.

రాసినంత మాత్రాన ఆ జబ్బుకు రక్షణ దొరుకుతుందని అనుకోకండి. కొన్ని పాలసీలు పాత వ్యాధిని పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ పరిస్థితిలో మాత్రం ఒక పరిమితి వరకు ఇస్తాయి. "మా అమ్మకు బీపీ ఉంది, దానివల్ల అక్కడ ఆసుపత్రిలో చేరితే ఎంత వరకు ఇస్తారు?" అని కంపెనీకే మెయిల్ రాసి జవాబు తెప్పించుకోండి. దుకాణంలో నోటిమాటగా చెప్పింది క్లెయిం రోజున నిలవదు.

మూడో అడుగు: తేదీలు, దేశాలు, తుపాన్లు

పాలసీని బయలుదేరకముందే తీసుకోవాలి; దేశం దాటాక కొనాలంటే మన కంపెనీలు సాధారణంగా ఇవ్వవు. పురుడు ఆలస్యమైందనో మనవడిని వదిలి రాలేకనో అక్కడ ఉండడం పొడిగించుకుంటే, పాత గడువు తీరకముందే పాలసీని కూడా పొడిగించుకోవాలి. "అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా" అన్న పాలసీతో అమెరికా వెళ్ళినవారూ ఉన్నారు.

ప్రయాణం రద్దయితే డబ్బు వస్తుందన్నది సగం నిజం. పాలసీలో రాసిన కారణాలకే వస్తుంది. మనసు మారినా, వీసా రాకపోయినా చాలా పాలసీల్లో రాదు. తుపాను విషయంలో ఇంకో మెలిక ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కు విశాఖ విమానాశ్రయం దెబ్బతిని కొన్ని రోజులు మూతపడిన సంగతి, 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన సంగతి మనకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చాక కొన్న పాలసీ ఆ తుపానువల్ల కలిగిన రద్దుకు సాధారణంగా పనికిరాదు. అప్పటికే అందరికీ తెలిసిన ముప్పు అంటారు. అక్టోబర్, నవంబర్ ప్రయాణాలకు టికెట్ కొన్న రోజే బీమా కూడా తీసుకోవడం మేలు.

నాలుగో అడుగు: ఆపద వస్తే ముందు ఫోను

పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రం నంబరు మీ పర్సులోనూ, అక్కడి పిల్లల ఫోనులోనూ, ఇక్కడ ఇంట్లోనూ ఉండాలి. ఆసుపత్రిలో చేరేముందు, అది కుదరకపోతే చేరిన వెంటనే ఫోను చేసి క్లెయిం నంబరు తీసుకోండి. ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసిపెట్టుకోండి. బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ చాలావరకు ఆసుపత్రిలో చేరిన వైద్యానికే. ఊరకే డాక్టరుకు చూపించుకుంటే ముందు మనం కట్టి తరువాత తెచ్చుకోవాలి. సమయానికి తెలియజేయలేదన్న ఒక్క కారణంతో, ఆ ఆలస్యం తప్పించుకోలేనిదైనప్పుడు, నిజమైన క్లెయింను తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్‌లో కంపెనీలకు చెప్పింది. స్పృహ తప్పిన మనిషి ఫోను చేయలేదని తిరస్కరిస్తే ఈ సర్క్యులర్‌ను ఉదహరించండి.

సామాను రాకపోతే విమానాశ్రయం గుమ్మం దాటకముందే విమానయాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు రాయించి, పీఐఆర్ అనే కాగితం తీసుకోవాలి. ఇంటికి వెళ్ళి పెట్టుకునే ఫిర్యాదుకు బీమా దగ్గర విలువ ఉండదు. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పాడైతే అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల్లోగా విమానయాన సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. పెట్టెలో పెట్టిన బంగారానికి, నగదుకు బీమా వర్తించదు. పగిలిన ఆవకాయ సీసాకూ, దాని నూనె ఇంకిన పట్టుచీరకూ కూడా ఏమీ రాదనే అనుకోండి. పాస్‌పోర్టు పోతే అక్కడి పోలీసు రిపోర్టు తప్పనిసరి.

ఐదో అడుగు: కాగితాలు

డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు చీటీలు, ప్రతి బిల్లుకూ చెల్లించిన రసీదు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీలు, బోర్డింగ్ పాసులు, రద్దు చేసిన చెక్కు. బోర్డింగ్ పాసును దిగగానే పారేయడం మనకు అలవాటు; ఇంటికి చేరేదాకా దాచండి. అసలు కాగితాలు పంపేముందు అన్నింటికీ నకళ్ళు తీసుకోండి.

ఆరో అడుగు: తిరస్కరిస్తే

ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో కంపెనీ లేఖలో స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే రాసి అడగండి. మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను విచారించి తీర్పు చెప్పే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. మన రాష్ట్రం ఆ కార్యాలయం కిందికే వస్తుంది. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. మా పిన్ని విషయంలో మేము అక్కడిదాకా వెళ్ళలేదు. ఆమె సంతకం ఉన్న ఫారంలో "లేదు" అనే ఉంది, ఆ కుర్రాడికి ఆమె చెప్పిన బీపీ బిళ్ళ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

మరో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ కార్యాలయం ముంబయిలో ఉన్నా, మనం నివసించే చోటనే, అంటే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కేసు వేయవచ్చు, గడువు రెండేళ్ళు. రుసుము లెక్కించేది మనం అడిగే మొత్తాన్ని బట్టి కాదు, చెల్లించిన ప్రీమియాన్ని బట్టి. అది 5 లక్షల లోపు ఉంటే రుసుమే లేదు. ఏ ప్రయాణ బీమా ప్రీమియమైనా ఆ లోపే ఉంటుంది.