స్టూడియోకి పోయే ముందు మీ పాట సంఘంలో పాడించండి

సొంతంగా క్రిస్టియన్ పాట చేసి రిలీజ్ చేద్దామనుకునే బ్రదర్స్, సిస్టర్స్ చాలామంది ముందు అడిగేది ఏ మైక్ కొనాలి అనే. మైక్ సంగతి తర్వాత. ముందు ఆ పాటని గృహకూడికలో ట్రాక్ గీక్ ఏం లేకుండా ఒక్క డోలక్‌తో పాడి చూడండి, పల్లవి రెండోసారి వచ్చేసరికి వెనకాల చాప మీద కూర్చున్న ఆంటీలు అందుకున్నారా లేదా, అదే టెస్ట్. అందుకోలేదంటే వాళ్ళకి భక్తి తక్కువై కాదు, మీ పల్లవి పొడుగైంది, లేదంటే శ్రుతి మరీ పైన పెట్టారు. సంఘం పాడాల్సిన పాటకి పల్లవి ఒక్క స్థాయి (కింద స నుంచి పై స వరకు) లోపలే తిరగాలి, గొంతు రేంజ్ చూపించుకోవాలనుంటే చరణానికి ముందు ఆలాపన ఉందిగా, అక్కడ కానివ్వండి.

మాటల దగ్గరికొద్దాం, అసలు కష్టం ఇక్కడే. నీవే నా ఆధారం, నీవే నా ఆశ్రయం, నీవే నా సర్వం అని నింపుకుంటూ పోతే ఏ పాట ఎవరిదో కూడా తెలీదు. బైబిల్లో ఒక వాక్యభాగం పట్టుకోండి. 40వ కీర్తనలో "జిగటగల దొంగ ఊబి" అని ఉంటుంది కదా, ఆ ఊబి మీ జీవితంలో ఏది? అప్పా, మందా, నాన్న హాస్పిటల్లో పడున్న రాత్రులా? సాక్ష్యంలో ఎలా చెప్తారో అలాగే చరణంలో ఒక్క లైన్ రాయండి చాలు, మొత్తం కథ వద్దు. రాశాక పాస్టర్ గారికి చూపించండి, ప్రాసకోసం రాసిన మాట ఒక్కోసారి వాక్యానికే అడ్డం తిరుగుతుంది. సినిమా ట్యూన్‌కి మాటలు అతికించడం మాత్రం దయచేసి వద్దు, ఆరాధనలో జనానికి హీరో గుర్తొస్తాడు, పైగా కాపీరైట్ గొడవ.

పాత కీర్తన పాడాలనుకుంటే, రాసినవాళ్ళు చనిపోయిన ఏడాది అయ్యాక 60 ఏళ్ళు దాటితే మన చట్టం ప్రకారం ఆ సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు కాబట్టి ఆయన కీర్తనలకి ఇబ్బంది లేదు. కానీ కొత్తగా ఎవరో కట్టిన ట్యూన్, యూట్యూబ్‌లో దొరికే కరోకే ట్రాక్ మీవి కావు, క్లెయిమ్ పడుతుంది. ఈమధ్య రాసిన పాటైతే రాసినవాళ్ళ పర్మిషన్ తీసుకోవాల్సిందే.

కీబోర్డ్ ప్రోగ్రామింగ్, అంటే పాటకి మ్యూజిక్ ట్రాక్, చేయించేటప్పుడు రేటు గంటకా, పాటకా, కరెక్షన్లు ఎన్నిసార్లు అని ముందే మాట్లాడుకోండి. మనోళ్ళం కదా బ్రదర్ అని వదిలేస్తే తర్వాత ముఖాలు చూసుకోలేరు. రిథమ్, ఫ్లూట్, ప్యాడ్స్ విడివిడి ఫైల్స్‌గా అడిగి తీసుకోండి, ట్రాక్ పూర్తి హక్కు మీదే అని కనీసం వాట్సాప్‌లో అయినా రాయించుకోండి.

వాయిస్ ఇంట్లోనే తీసుకోవచ్చు. రాత్రి ఫ్యాన్ ఆపేసి, బట్టలు నిండా ఉన్న బీరువా తలుపులు తెరిచి వెనక పెట్టుకుని, మైక్‌కి జానెడు దూరంలో నిలబడండి. రికార్డింగ్ సెట్టింగ్స్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, ఎంత గట్టిగా పాడినా రికార్డింగ్ లెవెల్ మైనస్ 6 డీబీ దాటకూడదు. పాడే ముందు సాహిత్యం పేపర్ మీద రాసుకుని ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గీతలు పెట్టుకోండి, శ, ష, స తేడా వినపడాలి. రివర్బ్ (గొంతుకి హాల్లో పాడినట్టు వేసే మోత) కుండలతో పోయకండి, మాట మునిగిపోతుంది.

స్పాటిఫై లాంటివాటికి డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి డిస్ట్రిబ్యూషన్ కంపెనీల ద్వారా వెళ్ళాలి, ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కి ఉండే గుర్తింపు నంబర్) కూడా వాళ్ళే ఇస్తారు. యూట్యూబ్‌లో లాంగ్ వీడియోల మీద యాడ్స్ డబ్బులు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వాచ్‌టైమ్ (లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్) ఉండాలి, అందుకే ఉద్యోగం మానేసి దిగకండి.

క్రిస్మస్ పాట డిసెంబర్ 20న వదిలితే ఎవరూ నేర్చుకోరు, క్వయిర్లు అప్పటికే ప్రాక్టీస్ అయిపోయి ఉంటాయి. నవంబర్ మొదట్లోనే పెట్టేయండి, వీడియో కింద తెలుగులో లిరిక్స్, కీబోర్డ్, గిటార్ వాయించేవాళ్ళకి కార్డ్స్ (chords) ఇవ్వండి, వాయిస్ లేని ట్రాక్ కూడా వేరేగా పెట్టండి, పల్లెల్లో ప్యాడ్ వాయించేవాళ్ళు లేని సంఘాలు దాని మీదే పాడుకుంటాయి.