సెలవుపై వెళ్తూ యాక్సెస్ ఇస్తున్నారా? ముగింపు తేదీ వేశారా?

2025 ఆగస్టులో డ్రిఫ్ట్ అనే చాట్ యాప్‌కు చెందిన టోకెన్లు (పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చే డిజిటల్ తాళంచెవులు) దొంగల చేతికి చిక్కాయి. వాటితో వందలాది సంస్థలు కస్టమర్ల వివరాలు దాచుకునే సేల్స్‌ఫోర్స్ ఖాతాల్లోకి దూరి డేటా ఎత్తుకెళ్లారు. ఎవరి పాస్‌వర్డూ కనుక్కోవాల్సిన పని పడలేదు. ఆ యాప్‌కు అంతకుముందే ఇచ్చి ఉంచిన అనుమతే సరిపోయింది.

సెలవుల సీజన్ వస్తోంది. మెయిల్, ఫైళ్లు, బిల్లుల ఆమోదం పక్కవాళ్లకు అప్పజెప్పి వెళ్తాం. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని అందరికీ తెలుసు, దాని జోలికి పోను. నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఒక్కటే: "ఈ వారం రోజులకే కదా" అని ఇచ్చిన యాక్సెస్‌కు ముగింపు తేదీ వేయకపోవడం.

ఆమోదాలు

ఒక ఆఫీసులో మేనేజర్ సెలవుపై వెళ్తూ కొనుగోలు బిల్లుల ఆమోదాన్ని అకౌంటెంట్‌కు అప్పగించారు. ముగింపు తేదీ గడిలో సిస్టమ్ తనంతట తానే వేసిన 31-12-9999 ఉంది. ఎవరూ మార్చలేదు. మేనేజర్ తిరిగొచ్చినా ఆ అధికారం రద్దు కాలేదు. బిల్లు ఎక్కించేదీ ఆ అకౌంటెంటే, ఆమోదించేదీ ఆయనే. పైసా తేడా లేకపోయినా, ఆడిట్ వచ్చినప్పుడు ఒక్కో బిల్లుకూ ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మనిషి పడ్డ టెన్షన్ చూస్తే జాలేసింది. తేదీ వేయకపోతే నష్టం మీ ఒక్కరికే కాదు, మీరు నమ్మి అప్పగించిన మనిషికి కూడా.

బిల్లు తయారుచేసేవాళ్లకు ఆమోదం ఎప్పుడూ ఇవ్వకండి, ఒక్కరోజుకైనా సరే.

మెయిల్

చదవడం వేరు, మీ తరఫున పంపడం వేరు, మీ పేరుతోనే పంపడం వేరు. ఔట్‌లుక్‌లో మీ తరఫున పంపితే అవతలివాళ్లకు అసలు పంపినవాళ్ల పేరు కూడా కనిపిస్తుంది. మీ పేరుతోనే పంపే హక్కు ఇస్తే కనిపించదు. చదివితే చాలనుకుంటే అంతవరకే ఇవ్వండి. ఇచ్చిన రోజే ముగింపు తేదీ వేయండి. ఆ గడి లేని చోట, తీసేయాల్సిన రోజును క్యాలెండర్‌లో మీకూ వాళ్లకూ రిమైండర్‌గా పెట్టండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

యాక్సెస్ తీసేశాక ఫార్వర్డింగ్ రూల్స్ (వచ్చిన మెయిల్‌ను దానంతటదే వేరే చిరునామాకు పంపే సెట్టింగ్‌లు) కూడా చూడండి. మనిషిని తీసేసినా, ఆ రూల్ ఉంటే మెయిళ్లు బయటికి పోతూనే ఉంటాయి.

ఫైలు షేర్ చేసిన గ్రూపులోంచి మనిషిని తీస్తే పని అయిపోదు. అదే ఫైలును విడిగా కూడా షేర్ చేసి ఉంటే ఆ దారి తెరిచే ఉంటుంది.

"లింక్ ఉన్న ఎవరైనా" అనే షేరింగ్ వద్దు.

గూగుల్ డ్రైవ్‌లో ఎడిటర్‌గా చేర్చినవాళ్లు, మీరు ఆ సెట్టింగ్ ఆపకపోతే, ఇంకొకరిని చేర్చగలరు. ఆపండి.

అడ్మిన్ హక్కులు సెలవు పేరుతో ఇవ్వకండి.

పాస్‌వర్డ్ మార్చాను కదా అని ధీమాగా ఉండకండి. యాప్‌లకు ఇచ్చిన అనుమతి చాలా చోట్ల దానితో పోదు, విడిగా రద్దు చేయాలి.

ఉద్యోగం మానేసినవాళ్లే కాదు, విభాగం మారినవాళ్ల పాత యాక్సెస్ కూడా తీయండి. ఎక్కువగా మరిచిపోయేది వీళ్లనే.

ముగింపు తేదీ లేని అభ్యర్థన ఎవరు పంపినా, పైఅధికారి పంపినా, వెనక్కి పంపండి.

తిరిగొచ్చిన రోజు ఇన్‌బాక్స్ తెరవకముందే డెలిగేట్ల (మీరు యాక్సెస్ అప్పగించినవాళ్ల) జాబితా తెరవండి. తీసేయాల్సిన పేర్లు తీసేసి, ఆ సంగతి వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.