బరంపురం నుంచి మ్యూనిక్ బయల్దేరుతున్నవాళ్ళకి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి ఫ్యూజన్ (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీయడం) పరిశోధనకని మ్యూనిక్ వచ్చే మన పిల్లలు సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలని అడుగుతారు. దానికన్నా ముందు కాగితాల్లో పేరు చూసుకోండి.

ఒడియాలో మన 'వ' నిలవదు, 'బ' అయిపోతుంది. నా పదో తరగతి సర్టిఫికెట్లో రబి, పాస్‌పోర్టులో రవి. ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ కౌంటర్లో ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం కింద పెన్ను ఆనిస్తూ చదివింది. ఆ ఒక్క 'బ' కోసం అఫిడవిట్ తెప్పించి, జర్మన్‌లోకి అనువాదం చేయించేసరికి ఆరు వారాలు పట్టింది.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించాలి, ఆన్మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు, ఓనరు సంతకం చేసిన వేరే కాగితం అడుగుతారు. తర్వాత రేడియో, టీవీ చందా కట్టమని ఉత్తరం వస్తుంది, నెలకి 18.36 యూరోలు. టీవీ లేకపోయినా కట్టాల్సిందే. మోసమనుకుని నేను రెండు ఉత్తరాలు చించి పారేశాను. ఇంటికి ఒకరు కడితే సరిపోతుంది. ఆదివారం కొట్లుండవు, శనివారమే పాలూ బియ్యం తెచ్చుకోండి.

ఇక ల్యాబు. యూ6 మెట్రోలో గార్షింగ్ చివరి స్టేషన్ దగ్గర దిగితే మాక్స్ ప్లాంక్ ప్లాస్మా ఫిజిక్స్ సంస్థ. సూర్యుణ్ణి కిందకి దింపుదామని వస్తారు, చాన్నాళ్ళు గోరంత టంగ్‌స్టన్ ముక్కని అరగదీస్తూ కూర్చుంటారు. ముతక ఎమరీ కాగితం, సన్నది, ఇంకా సన్నది, ఆఖర్న వజ్రపు పొడి. ముక్కలో మీ ముఖం కనబడాలి. మైక్రోస్కోపులో ఒక్క గీత తేలిందా, మళ్ళీ మొదటికే.

ఎందుకంత చాదస్తం? రియాక్టరు గోడకి వాడేది ఈ లోహమే. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు, ఫ్యూజన్ ఇంధనమైన ట్రిటియాన్ని (బరువైన హైడ్రోజన్) కార్బన్‌లాగా పీల్చుకోదు. అందుకే ఇక్కడి ఫ్యూజన్ యంత్రం ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ లోపలి గోడని 2007 కల్లా పూర్తిగా టంగ్‌స్టన్ చేశారు. కానీ రేపటి రియాక్టర్లో 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు ఆ లోహంలో పరమాణువుల్ని చోటు నుంచి తన్నేస్తాయి, ఆ ఖాళీల్లో ట్రిటియం చేరి తిష్ఠ వేస్తుంది. అంత జోరు న్యూట్రాన్లు కావలసినన్ని ఇప్పుడు దొరకవు. అందుకని టంగ్‌స్టన్‌ని టంగ్‌స్టన్ అయాన్లతోనే కొట్టి, ట్రిటియం బదులు మరో రకం హైడ్రోజన్ డ్యుటీరియం ఎక్కించి, హీలియం-3 కిరణంతో ఎంత చిక్కుకుందో లెక్కగడతారు. నున్నగా లేని ముక్కయితే ఆ లెక్క అయాన్ల దెబ్బదో అరగదీసిన గీతదో చెప్పలేం. ఎమ్మెస్సీ ఫిజిక్సులో లోహాల సంగతి మనకి పెద్దగా చెప్పరు, మెటలర్జీ పుస్తకం ఒకటి చదువుకుని రండి. చదువయ్యాక గాంధీనగర్ ప్లాస్మా సంస్థా ఉంది, భారత్ కూడా భాగస్వామిగా ఉన్న ఫ్యూజన్ రియాక్టరు ఈటరూ ఉంది, ఫ్రాన్సులో.

సెమినార్లకి ఇంగ్లీషు చాలు. ముక్కలు కోసిచ్చే వర్క్‌షాపు పెద్దాయనకి మాత్రం జర్మన్ కావాలి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియాతో పెరిగినవాళ్ళం, మూడోది పట్టుబడుతుంది. ఈలోగా బరంపురం అప్పడాలు ఓ నాలుగు కట్టలు తెండి. ఆయన బీరుతో నంజుకుంటాడు, నా ముక్కలు వరసలో ముందుకొస్తున్నాయి. వేయించేటప్పుడు కిటికీ తీసి ఉంచండి, పొగ అలారం మోగితే బిల్డింగంతా మెట్లు దిగాలి.