అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిందా? ముందు స్కాన్ చేయండి

భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికాలో ప్రమాణం చేసిన రోజే, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం, మన పౌరసత్వం పోతుంది. వీసా గడువు లేకుండా ఇండియా వచ్చిపోవాలంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు కావాలి, దానికి ముందు భారత పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి. "ఇంకా గడువుంది కదా" అని పాతదాని మీద ప్రయాణం చేయకండి, అది నేరం.

అసలు చిక్కు నాచురలైజేషన్ సర్టిఫికెట్‌తో, అంటే అమెరికా పౌరసత్వం వచ్చినట్టు ఇచ్చే పత్రంతో, వస్తుంది. అమెరికా పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఒరిజినల్ ఇచ్చేయాలి. అది తిరిగొచ్చేదాకా ఓసీఐ పని ముందుకు సాగక టెన్షన్. అందుకే చేతికి రాగానే రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి, పాత పాస్‌పోర్ట్ పేజీలన్నీ కూడా. రద్దు ముద్ర వేసి తిరిగిచ్చిన పాస్‌పోర్ట్‌ను పారేయొద్దు. రేపు పిల్లల ఓసీఐకి మీ భారతీయ మూలానికి అదే రుజువు.

పేర్లు కూడా ఒకసారి చూసుకోండి. మనవాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో చివర, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరం. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లేలోపే ఏది ఉంచుకోవాలో తేల్చుకోండి.

ఊళ్లో పొలం కొనే ఆలోచనుంటే మాత్రం ఆపేయండి. ఓసీఐ ఉన్నా వ్యవసాయ భూమి కొనలేరు. వారసత్వంగా వస్తే పర్వాలేదు.