సైకిల్ మీద పాటలు వింటున్నారా, టిక్ టిక్ చూసుకోండి

సైకిల్ తొక్కుతూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వెనక బండి హారన్ కొట్టేదాకా తెలీదు, ఉలిక్కిపడి హ్యాండిల్ ఇటో అటో తిప్పేస్తాం. నాకిది రెండు మూడు సార్లయ్యాక ఇలా చేస్తున్నా.

ఒక్క చెవికే పెట్టుకోండి, బళ్ళు మనల్ని దాటుకెళ్ళే వైపు చెవి ఖాళీగా ఉండాలి, అంటే రోడ్డుకి ఎడమ పక్కన తొక్కేవాళ్ళు ఎడమ చెవికే. ఒక్కదాంట్లో పాట సగం సగం వినిపించి చిరాకొస్తుంది కదా, ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చేస్తే మొత్తం పాట అందులోనే వస్తుంది (ఇది ముందే తెలిస్తే ఎంత బావుండేదో). నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి చప్పుడు వినపడకుండా చేసేది) ఉంటే ఆపేయండి. వాల్యూమ్ ఎంతుండాలో తెలియాలంటే, కదిలాక ఒక ఐదు సెకన్లు పెడల్ ఆపండి, వెనక చక్రం టిక్ టిక్ మంటుంది చూడండి అది ఖాళీ చెవికి క్లియర్‌గా వినిపించాలి, లేదంటే పక్కకి ఆపి రెండు పాయింట్లు తగ్గించండి, మళ్ళీ చూడండి. కొన్ని సైకిళ్ళకి ఆ చప్పుడే ఉండదు, అప్పుడు రోడ్డు మీద టైరు గరగరే లెక్క.

ఎదురుగాలిలోనూ, దిగుడులో స్పీడుగా పోయేటప్పుడూ మాత్రం ఇది పనిచేయదు, గాలి హోరుకే ఏమీ వినపడదు, ఎలక్ట్రిక్ బళ్ళైతే పెద్దగా చప్పుడే చేయవు. అక్కడ పాట ఆపేయడమే. ఇంకోటి, ఫ్రాన్స్‌లో 2015 నుంచి సైకిల్ మీద ఒక్క చెవికి పెట్టుకున్నా జరిమానానే, మీ దగ్గర రూల్ ఏంటో ముందు చూసుకోండి.