నలుగురికి ఐదు సీసాలు: ల్యూవెన్ వీధి బార్‌లో బెల్జియం బీర్ రుచి చూసే పద్ధతి

బెల్జియం వచ్చిన మనవాళ్లు బార్‌లో కూర్చోగానే తలా ఒక సీసా చెప్పేస్తారు. మన దగ్గర సిట్టింగ్ అంటే అంతే కదా, ఎవరి సీసా వాళ్లది. ఇక్కడ అలా మొదలుపెడితే రెండో సీసాకే నాలుక మొద్దుబారుతుంది, మూడోదానికి మాట తడబడుతుంది. నా పద్ధతి వేరు. నలుగురం వెళ్తాం. ఒకసారికి ఒక్క సీసా చెప్పి నలుగురం పంచుకుంటాం. అది అయ్యాకే ఇంకోటి. మొత్తం ఐదు.

ఐదా అని కంగారు పడకండి. నేను తెప్పించేవి, ఇదే వరసలో: హూగార్డెన్ (ఆల్కహాల్ 4.9 శాతం), బూన్ వాళ్ల గూజ్ (7), ఓర్వాల్ (6.2), వెస్ట్‌మాల్లె ట్రిపెల్ (9.5), రోష్‌ఫోర్ 10 (11.3). గూజ్ సీసా 375 మిల్లీలీటర్లు, మిగతావి 330. వీటన్నిట్లో ఉన్న ఆల్కహాల్‌ని కూడి నాలుగుతో భాగిస్తే మనిషికి సుమారు 33 మిల్లీలీటర్లు. మన ఊళ్లో 5 శాతం ఉన్న 650 మి.లీ. సీసా ఒకటి తాగినా అంతే లోపలికి పోతుంది. అదే రోష్‌ఫోర్ 10 ఒక్కరే లాగించేస్తే ఒక్క సీసాకే 37. చిన్న సీసాయే కదా అనుకున్నవాళ్లు బోల్తా పడేది అక్కడే.

ముందు చోటు సంగతి. ల్యూవెన్‌లో యూనివర్సిటీ, చిప్‌ల పరిశోధన సంస్థ ఐమెక్ ఉండటంతో మనవాళ్లు బాగానే కనిపిస్తారు. వాళ్ల ఇంటికొచ్చిన చుట్టాలంతా ఔదె మార్క్ట్‌కి వెళ్తారు. ఆ చౌరస్తా చుట్టూ బార్లే. బాగుంటుంది, కాదనను. కానీ అది స్టూడెంట్ల రాజ్యం. గోలలో పక్కవాడి మాటే వినపడదు, ఇక బీర్ వాసన ఏం చూస్తారు? స్టేషన్ వెనకవైపు మా వీధిలో ఉన్నదానిలాంటి పాత కఫే చూసుకోండి. చెక్క గోడలు, మసక దీపాలు, మూలన పేకాడుకునే ముసలాళ్లు, పుస్తకమంత బీర్ మెనూ. శుక్ర, శనివారాలు వద్దు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరింటికి వెళ్తే ఓనరమ్మకి మీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

కూర్చోగానే రెండు మాటలు చెప్పండి. ఒకటి, పంచుకుని రుచి చూస్తాం, చిన్న గ్లాసులు నాలుగు కావాలి అని. రెండు, తినడానికి కూడా చెప్తాం అని. రెండో మాట వింటే మొదటిదానికి ఎవరూ మొహం చిట్లించరు. ఇక్కడ ప్రతి బీర్‌కీ దాని సొంత గ్లాసు ఉంటుంది, అది లేకుండా సీసా బల్ల మీదకి రాదు. ఆ గ్లాసు వద్దనకండి. ముందు కొంచెం అందులో పోసి నలుగురి చేతులూ మార్చి వాసన చూడండి, తర్వాత చిన్న గ్లాసుల్లోకి పంచుకోండి. డ్యూవెల్ గ్లాసు అడుగున చెక్కిన ‘డి’ అక్షరం కూడా అలంకారానికి కాదు. గాజు గరుకుగా ఉన్న ఆ చోటు నుంచే బుడగలు ఆగకుండా పైకి లేస్తూ నురగని నిలబెడతాయి.

నీళ్లు కొనుక్కోవాల్సిందే. కుళాయి నీళ్లు ఇవ్వని చోట్లే ఎక్కువ, దాని గురించి వాదించి లాభం లేదు. ఇంకో జాగ్రత్త: మీతో ఎవరైనా బెల్జియన్ మిత్రుడు ఉంటే ‘ఈ రౌండ్ నాది’ అని అందరికీ తలా ఒకటి చెప్పేస్తాడు. అది వాళ్ల మర్యాద. పంచుకునే సంగతి ముందే చెప్పి ఆపండి, లేకపోతే లెక్కంతా తలకిందులు.

పోయడం ఓనరమ్మకి వదిలేసినా పరవాలేదు, కానీ ఒకసారి గమనించండి. గ్లాసుని చల్లటి నీళ్లతో తడిపి, వంచి, గోడ మీదుగా పోస్తుంది. సగం దాటాక నిలబెడుతుంది, రెండు వేళ్ల మందం నురగ వస్తుంది. నురగ తక్కువ పోస్తే ఎక్కువ బీర్ వస్తుందని మనవాళ్ల లెక్క. ఇక్కడ నురగ లేని గ్లాసు ఇస్తే తప్పు చేసినట్టే చూస్తారు, ఎందుకంటే వాసన ముక్కుకి అందేది నురగ మీద నుంచే. సీసా అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది, చివరి వేలెడు బీర్ సీసాలోనే వదిలేస్తారు. హూగార్డెన్‌కి మాత్రం రివర్స్: చివర్లో సీసాని గుండ్రంగా తిప్పి మడ్డితో సహా పోయాలి. ఆ మబ్బు రంగే దాని అందం.

ఇక ఒక్కొక్కటీ, దాని మంచింగ్‌తో.

హూగార్డెన్‌లో మన ధనియాలు పడతాయి, నారింజ తొక్క కూడా. గోధుమల బీర్. ఆ ఊళ్లో చివరి బ్రూవరీ మూతపడి ఈ రకం మాయమైపోతే, 1960ల్లో పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి మళ్లీ బతికించాడు. కొత్తవాళ్లకి ఇదే మొదటిది కావాలి, ఎందుకంటే భయపెట్టదు. దీనికి రొయ్య క్రోకెట్లు చెప్పండి. ఉత్తర సముద్రంలో దొరికే చిటికెన వేలంత కూడా లేని బూడిదరంగు రొయ్యల్ని చిక్కటి తెల్ల సాస్‌లో కలిపి, బ్రెడ్ పొడి అద్ది వేయిస్తారు. పైన నిమ్మచెక్క. బయట కరకర, లోపల వేడివేడి పాయసంలా జారుతుంది కాబట్టి ఒక నిమిషం ఆగి కొరకండి. శాకాహారులకి అదే రూపంలో చీజ్ క్రోకెట్లు ఉంటాయి.

రెండోది గూజ్. అసలు పరీక్ష ఇక్కడే. మా బావమరిది మొదటి గుక్కకే, “బావా, ఇది పాడైపోయినట్టుంది, మార్చమను” అన్నాడు. పాడవలేదు. ఇది తయారయ్యేదే గాలిలో తిరిగే సూక్ష్మజీవులతో. బ్రసెల్స్ పక్కన సెన్ నది లోయలో చలికాలం నెలల్లో వండి, కషాయాన్ని పెద్ద వెడల్పు తొట్టిలో రాత్రంతా మూత లేకుండా చల్లారుస్తారు. విడిగా ఈస్ట్ ఏమీ వేయరు. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే అది లాంబిక్. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల లాంబిక్‌లని కలిపి సీసాలో పోసి మళ్లీ పులియనిస్తే గూజ్. మాది శ్రీకాకుళం వైపు, చిన్నప్పుడు కుండలో తరవాణి తాగి పెరిగినవాళ్లం. మా వాడికి అదే చెప్పాను: తరవాణి వాసన గుర్తు తెచ్చుకుని ఇంకో గుక్క తాగు అని. రెండో గుక్క గూజ్‌ని ఎప్పుడూ మార్చేస్తుంది. పులుపు కింద ఆపిల్ తొక్క, తడి చెక్క, నిమ్మ ఒక్కోటీ పైకి తేలతాయి.

దీనికి జోడీ బ్రసెల్స్ పాత కఫేల్లో తరాలుగా ఉన్నదే: మందపాటి బ్రెడ్ ముక్క మీద తాజా మెత్తని తెల్ల చీజ్, పైన ముల్లంగి చక్రాలు, ఉల్లికాడలు. ఆ చీజ్ ఇంచుమించు నీళ్లు వడకట్టిన పెరుగే. పులుపుకి చల్లదనం, ముల్లంగి ఘాటుకి బుడగలు. ఈ ఐదు జోడీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఖర్చూ తక్కువే. గూజ్ మీద మనసు పడితే బ్రసెల్స్ మిడి స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో, అండర్‌లెఖ్ట్‌లో, 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ ఉంది. ఆ తొట్టినీ పీపాల్నీ అక్కడ కళ్లారా చూడొచ్చు. క్రీక్ అనే తియ్యటి చెర్రీ బీర్ తాగి లాంబిక్ తాగేశాం అనుకోకండి, వాటిలో చాలావాటికి చక్కెరో రసమో కలుపుతారు.

ఓర్వాల్ దగ్గర ఓనరమ్మ ఒక ప్రశ్న అడగొచ్చు: కొత్తదా, పాతదా? లేబుల్ మీద సీసాలో నింపిన తేదీ ఉంటుంది. కొత్తదైతే హాప్స్ (బీర్‌కి చేదునిచ్చే పువ్వులు) చేదు, పువ్వుల వాసన ముందుంటాయి. ఆర్నెల్లు, ఏడాది దాటితే సీసాలో వేసిన బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ మిగిలిన తీపిని నెమ్మదిగా తినేస్తుంది. బీర్ పొడిగా మారుతుంది, తోలు వాసన, గడ్డివాము వాసన లాంటివి వస్తాయి. ఒకే బీర్ కొత్తదీ పాతదీ రెండూ దొరికితే, ఐదో సీసా మానుకుని అయినా సరే, పక్కపక్కన పెట్టి తాగండి. ఓ సాయంత్రానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. తినడానికి ఇక్కడి ప్రతి బార్‌లోనూ ఉండే ప్లేటు: ఘనాలుగా కోసిన చీజ్, గిన్నెలో ఘాటు ఆవాల ముద్ద, పక్కన సెలరీ ఉప్పు. చూడటానికి ఏమీ ఉండదు. ముక్కని ముందు ఆవాల్లో, తర్వాత ఉప్పులో అద్ది నోట్లో వేసుకుని, నమిలాక ఓర్వాల్ తాగండి. కొవ్వుని చేదు కడిగేస్తుంది, చేదుని ఉప్పు మెత్తబరుస్తుంది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు.

వెస్ట్‌మాల్లె ట్రిపెల్ రంగు బంగారం, మాట తేనె, చేత 9.5 శాతం. ఇది సన్యాసుల మఠంలో తయారయ్యే ట్రాపిస్ట్ బీర్. ఓర్వాల్, రోష్‌ఫోర్ కూడా అంతే. బెల్జియంలో ఇప్పుడు ట్రాపిస్ట్ ముద్రతో బీర్ చేసే మఠాలు ఐదే: ఈ మూడూ, షిమే, వెస్ట్‌వ్లెటెరెన్. ఏప్రిల్ నుంచి జూన్ చివరి వరకు తెల్ల ఆస్పరాగస్ సీజన్. ఉడికించిన కాడల మీద కరిగించిన వెన్న, చిదిపిన ఉడకబెట్టిన గుడ్డు, పార్స్‌లీ వేసి ఇస్తారు. ట్రిపెల్‌కి దాన్ని మించిన జోడీ నేను చూడలేదు. సీజన్ కాకపోతే కోడిమాంసం, పుట్టగొడుగులు వేసిన క్రీమ్ సాస్ కూర, వోల్-ఓ-వాన్ చెప్పుకోండి. అందులో చిన్న మాంసం ఉండలు కూడా వేస్తారు, అవి కోడివి కాకపోవచ్చు, పట్టింపు ఉంటే అడగండి.

అడగాల్సింది ఇంకోటుంది. బెల్జియంలో ఫ్రైస్‌ని సంప్రదాయంగా గొడ్డుకొవ్వులో వేయిస్తారు. ఇప్పుడు నూనె వాడేవాళ్లూ చాలామందే, కానీ చూసి చెప్పలేం. శాకాహారులు, గొడ్డు తిననివాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందే కనుక్కోవాలి. బీర్‌లో ఉడికించే ఫేమస్ కూర, స్టోఫ్‌వ్లేస్, కూడా గొడ్డుమాంసమే. ఆవాల ముద్ద రాసిన బ్రెడ్ ముక్కని పైన పెట్టి గంటల తరబడి మగ్గిస్తే ఆ బ్రెడ్ కరిగిపోయి సాసే చిక్కబడుతుంది. తినేవాళ్లు దానికి డుబెల్ అనే ముదురు రంగు బీర్ చెప్పుకోండి. తిననివాళ్లకి కొన్నిచోట్ల ఎండు ప్లమ్స్‌తో వండిన కుందేలు దొరుకుతుంది. రుచి అదే దారిలో ఉంటుంది.

మనవాళ్లకి మాత్రమే చెప్పాల్సిన మాట: కారానికీ స్ట్రాంగ్ బీర్‌కీ పడదు. మిరపకాయ మంటని ఆల్కహాల్ ఇంకా రాజేస్తుంది, హాప్స్ చేదు, బుడగలు దానికి తోడు. ఇంటి నుంచి వచ్చిన కారప్పూస పొట్లం ఒకసారి బ్యాగులోంచి బయటికొచ్చింది. బయటి తిండి చాలా కఫేల్లో ఒప్పుకోరు, ఓనరమ్మ తనే నాలుగు తిని గిన్నె తెచ్చిపెట్టింది. ట్రిపెల్‌తో అది నోరంతా మండించింది. హూగార్డెన్‌తో మాత్రం హాయిగా వెళ్లింది. ఇంట్లో కోడి వేపుడు చేసుకున్నా ఇదే సూత్రం: తేలికపాటి గోధుమ బీర్, లేదా కొంచెం తీపి ఉన్న డుబెల్.

చివరిది రోష్‌ఫోర్ 10. దీన్ని ట్రిపెల్ తాగుతుండగానే తెప్పించి బల్ల మీద పెట్టేయండి. ఫ్రిజ్ చల్లదనం పోయి 12 డిగ్రీల దాకా వస్తేనే అంజీర్, ఎండుద్రాక్ష, మాడిన బెల్లం వాసనలు విచ్చుకుంటాయి. చాక్లెట్‌తో తాగమని అందరూ అంటారు. నాకది ఎక్కదు, తీపి మీద తీపి. బ్లూ చీజ్ ఒక ముక్క అడగండి. ఆ ఉప్పు, ఘాటు ముందు బీర్ తీపి తలెత్తుకు నిలబడుతుంది. చాక్లెట్టే కావాలంటే 70 శాతం కోకో పైన ఉన్నది తీసుకోండి. ఒక్కొక్కరికి వచ్చేది 80 మిల్లీలీటర్లే కాబట్టి అరగంట తాగండి.

వెస్ట్‌వ్లెటెరెన్ 12 సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అది ఎక్కడపడితే అక్కడ దొరకదు. మఠం ఎదురుగా ఉన్న వాళ్ల కఫేకి వెళ్తే దర్జాగా తాగొచ్చు. వేరే బార్లలో కనిపించినప్పుడు ధర చూసి మెనూ మూసేసి రోష్‌ఫోర్ చెప్పుకుంటాను, నాకు తేడా అంత డబ్బుకి తగినట్టు అనిపించలేదు.

ఇంటికి నడిచి వెళ్లండి, లేదా బస్సు. ఇక్కడ డ్రైవింగ్‌కి రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాల్ హద్దు. సైకిలే కదా అనుకోకండి, సైకిల్ తొక్కేవాళ్లకీ అదే వర్తిస్తుంది, ఈ ఊళ్లో అందరం సైకిల్ మనుషులమే.

ఊరికి తీసుకెళ్దాం అనుకుంటే, ఇండియాలోకి సుంకం లేకుండా మనిషికి 2 లీటర్ల వరకు మద్యం తెచ్చుకోవచ్చు, బీర్ కూడా అందులోనే లెక్క. అంటే 330 మి.లీ. సీసాలు ఆరు. నేనైతే ఓర్వాల్ మూడు, రోష్‌ఫోర్ రెండు, ట్రిపెల్ ఒకటి పెడతాను. హూగార్డెన్ మోయడం దండగ, అది తాజాగా తాగాల్సిన బీర్. ఒక్కో సీసానీ కవర్లో కట్టి, తువ్వాలు చుట్టి, చెక్-ఇన్ సూట్‌కేసు మధ్యలో పెట్టండి. ఇంటికి వెళ్లాక రెండు రోజులు చీకటి అల్మరాలో నిలబెట్టి ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, అప్పుడు తెరవండి.