బరువెక్కువున్న పిల్లల్లో తగ్గని తలనొప్పి: కంటి నరం చూపించారా?

సమస్య: వయసుకు మించిన బరువున్న పిల్లలకు వారాల తరబడి తలనొప్పి. అద్దాలు మార్చినా, మాత్రలు వేసినా మళ్లీ వస్తోంది.

చదువు టెన్షనో, మైగ్రేనో అయి ఉండొచ్చు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. కానీ పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు నొప్పి పెరగడం, పొద్దున్నే వాంతులు, వంగి లేచేసరికి కొన్ని సెకన్లు చూపు మసకబారడం, చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు, ఒకటి రెండుగా కనిపించడం... వీటిలో ఏది తోడైనా పుర్రె లోపల ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానించాలి. పిల్లలు ఇవి వాళ్లంతట వాళ్లు చెప్పరు. చెవిలో హోరు గురించైతే అడిగితే తప్ప బయటపడదు.

కారణం: మెదడు చుట్టూ ఉండే నీరు ఎప్పటికప్పుడు ఊరుతూ, రక్తంలోకి ఇంకిపోతూ ఉంటుంది. ఆ లెక్క తప్పితే ఒత్తిడి పెరిగి, కంటి నరం కంటిని కలిసే చోట వాపు వస్తుంది. గడ్డ, ఇన్ఫెక్షన్ లాంటివేవీ లేకుండా ఇలా జరిగితే ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అంటారు. ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. యుక్తవయసు వచ్చాక, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఊబకాయంతో దీనికి గట్టి సంబంధం ఉంది. చిన్నపిల్లల్లో అంత కనిపించదు, సన్నగా ఉన్నవాళ్లకూ రావచ్చు. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, మోతాదు మించిన విటమిన్ ఎ, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపడం కూడా కారణం కావచ్చు. అందుకే మందుల చీటీలన్నీ డాక్టర్‌కు చూపించండి.

తేల్చుకునేదెలా: అద్దాల కోసం చేసే చూపు పరీక్ష చాలదు. అక్షరాలన్నీ గడగడా చదివే పిల్లలకూ నరం వాచి ఉండొచ్చు. చుక్కలు వేసి కంటి వెనక భాగం చూడమని కంటి డాక్టర్‌ని అడగండి. వాపుంటే ఎంఆర్ఐ, మెదడు సిరల స్కాన్ తీస్తారు. గడ్డ, సిరల్లో రక్తం గడ్డకట్టడం లేవని తేలాక వెన్నులోంచి నీరు తీసి ఒత్తిడి కొలుస్తారు. ఆ ఒత్తిడిని నీటి మట్టం ఎత్తుగా చెబుతారు, పిల్లల్లో 28 సెంటీమీటర్లు దాటితే ఎక్కువన్నట్టే. మత్తు ఇవ్వకుండా, ఊబకాయం లేని పిల్లలకు కొలిస్తే ఆ హద్దు 25. వెన్నులో సూది అనగానే పెద్దవాళ్లు వెనకాడతారు గానీ, ఈ పరీక్ష లేకుండా ఒత్తిడి ఎంతుందో చెప్పలేరు.

పరిష్కారం: సాధారణంగా ఆ నీరు ఊరడాన్ని తగ్గించే ఎసిటజోలమైడ్ అనే మందుతో మొదలుపెడతారు. వేళ్లు తిమ్మిర్లెక్కడం, మాటిమాటికీ మూత్రం, నోటి రుచి మారడం దాని దుష్ప్రభావాలు. భయపడి సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. తలనొప్పి మాత్రలు రోజూ మింగితే వాటివల్లే మళ్లీ నొప్పి మొదలవుతుంది.

మందు ఒత్తిడిని అదుపులో పెడుతుంది, కానీ బరువు అలాగే ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది. 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా కనిపిస్తుంది. 70 కిలోలున్న అమ్మాయికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. ఎదిగే వయసు కాబట్టి పస్తులు పెట్టొద్దు, డైటీషియన్ సలహాతో ఇంటిల్లిపాదీ తిండి మార్చుకోవాలి. గురక పెట్టే పిల్లలకు నిద్రలో ఊపిరి ఆగుతోందేమో కూడా చూడాలి.

చూపు వేగంగా తగ్గుతున్నా, మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మందులకు లొంగక చూపు పోతుంటే ఎక్కువైన నీటిని మళ్లించే గొట్టం (షంట్) వేయడమో, కంటి నరం పొరకు చిన్న కోత పెట్టడమో అవసరమవుతుంది. తలనొప్పి తగ్గిపోయినా నరం వాపు పూర్తిగా దిగేదాకా చూపు విస్తీర్ణం కొలిచే ఫీల్డ్ టెస్ట్‌కి డాక్టర్ చెప్పిన తేదీల్లో వెళ్తూనే ఉండాలి.